కోపి మోసిన బరువు

పుట్టిన రోజే పొట్టేలు పిల్ల కోపిని దాని తల్లే దగ్గరికి రానివ్వలేదు. క్రాంజీ దగ్గరి ఒక చిన్న ఫామ్‌లో సెలవు రోజుల్లో సాయం చేసే వసుంధరే సీసాతో పాలు పట్టి బతికించింది. నెల రోజులు బ్యాంకు పని అవగానే చోవా చూ కాంగ్‌లోని ఇంటికి పోకుండా అక్కడికే వచ్చేది. కాఫీ రంగు పిల్ల కాబట్టి, కాఫీకి అక్కడివాళ్లు వాడే మాటనే తీసుకుని కోపి అని పేరు పెట్టింది.

ఆ ఫామ్ పొట్టేళ్లు అక్కడి దారుల్లో సరదా నడకకొచ్చినవాళ్ల సామాను మోస్తాయి. కోపికి మొదట తాడు పట్టుకుంటే వెంట నడవడం నేర్పింది. తర్వాత వీపుకి రెండు పక్కలా ఖాళీ సంచులు కట్టింది. వాటి చప్పుడుకి అది వారం రోజులు బెదిరింది. బెదురు తీరాక తువ్వాళ్లు, ఆపైన నీళ్ల సీసాలు, రెండు వైపులా సమానంగా పెట్టింది.

ఫామ్ చూసుకునే జయరాం, తాతల నాడే విశాఖ నుంచి ఈ దేశానికి వచ్చిన కుటుంబంవాడు. "ఎముక ముదరాలమ్మా. రెండేళ్లు నిండేదాకా నాలుగు కిలోలే. అంతకు మించి తాక్ బోలే, కుదరదంతే. అది వద్దని చెప్పలేదు, నువ్వే చెప్పాలి" అన్నాడు.

కోపికి పద్నాలుగో నెలలో ఒక తెలుగు బృందం నడకకొచ్చింది. అందరూ ఫోన్లు తీశారు. "మీరే ట్రైన్ చేశారా? గ్రేట్ అండీ!" అంటుంటే వసుంధర మొహం వెలిగిపోయింది.

దారిలో వెంకటేశ్వర రావు అనే పెద్దాయన ఆగిపోయాడు. "అమ్మాయ్, భుజం లాగేస్తోంది. నా బ్యాగ్ కూడా దానిమీద వెయ్యకూడదూ?"

అప్పటికే నాలుగు కిలోలున్నాయి, కాదనాలనుకుంది. అందరూ చూస్తున్నారు. వేసింది. సమానంగా ఉండాలని రెండో వైపు ఇంకొకరి బ్యాగ్ కూడా వేసింది.

ఎత్తు దగ్గర కోపి ఆగి ఆమెను చూసింది. "రా కన్నా" అని తాడు లాగింది. అది వచ్చింది. చెక్క వంతెన మీద వెనక కాళ్లు మడతపడి కూలబడింది.

సంచులు విప్పేసరికి నోరు తెరిచి రొప్పుతోంది. "నావల్లేనా అమ్మా?" అని పెద్దాయన కంగారు పడ్డాడు. "కాదంకుల్, ఎండకి" అంది.

జయరాం బండి తెచ్చేలోపు ఎవరి బ్యాగులు వాళ్లు తీసుకున్నారు. "ఎంత వేశావ్?" అనడిగాడు.

"నాలుగే, అంకుల్."

వెన్ను దెబ్బతిందనీ, నడుస్తుంది గానీ ఇక బరువు మొయ్యకూడదనీ పశువుల డాక్టర్ చెప్పాడు. వసుంధరకి మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు సెలవు పెట్టి ఫామ్‌కి వెళ్లింది.

"పదకొండు, అంకుల్."

"తెలుసు. పట్టీ ఒరుసుకుని తోలు లేచింది. ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా."

"ఇంక రావద్దంటారా?"

ఆయన చీపురు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "రా. కొట్టం కడుగు, మేత వెయ్యి. తాడు మాత్రం పట్టుకోకు."

శనివారం ఆమె కొట్టం కడుగుతుంటే కోపి కాలీడ్చుకుంటూ వచ్చి, ఎప్పటిలాగే నుదురు ఆమె మోకాలికి రుద్దింది. అది దూరం జరిగినా ఇంత బాధ ఉండేది కాదు. నీళ్ల గొట్టం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్లు వృథాగా పోతున్నాయని జయరాం కేకేసేదాకా ఆమెకు తెలియలేదు.