బెవన్ కారు టాపు

చెరకు కోతల కాలంలో ఆస్ట్రేలియాలోని హోమ్ హిల్‌లో తెల్ల దుప్పటి ఆరేసుకోవడమంత తలనొప్పి పని ఇంకోటి లేదు. పొద్దున్నే ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంటుంది. నమ్మి ఆరేస్తారు. సాయంత్రానికి ఏ రైతుకో, కోతకి ముందు ఎండాకు కాలిపోవాలని, తన తోటకి నిప్పు పెట్టే బుద్ధి పుడుతుంది. మంట చూడ్డానికి బాగానే ఉంటుంది. వీధి వీధంతా బీరు సీసాలు పట్టుకుని గేట్ల దగ్గర నిలబడి చూస్తుంది కూడా. ఆ తర్వాత మొదలవుతుంది మసి. వేలెడంత నల్ల పీలికలు ఏ తొందరా లేకుండా గాల్లో తేలుతూ వచ్చి సరిగ్గా తెల్ల దుప్పటి మీదే వాలతాయి. పక్కనే నల్ల ప్యాంటు ఆరేసి ఉన్నా దాని జోలికి పోవు.

గ్లెనిస్ టల్లీ పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ఈ మసిని తిడుతూనే ఉంది. మసి వింటున్నట్టు కనపడదు. మంట లేవగానే ఆమె దుప్పట్ల కోసం పరిగెత్తేది, మొగుడు బెవన్ కారు కోసం పరిగెత్తేవాడు. కౌన్సిల్ ఆఫీసులో ఇంటిపన్నుల సీటులో ఉన్నంతకాలం అతను దేనికోసమూ పరిగెత్తిన దాఖలా లేదు. రిటైరయ్యాక కొన్న ఆ ఎర్ర కారుకి మాత్రం ప్రతి శనివారం స్నానం, నెలకోసారి మైనం పూత.

మరి అంత ప్రేమ ఉన్నవాడు కారుని షెడ్డులో పెట్టుకోవచ్చు కదా అని అడక్కూడదు. షెడ్డులో పడవ ఉంది. ఏట్లో మొసళ్ళున్నాయని ఒక ఏడాది, నడుం నొప్పని ఇంకో ఏడాది ఆ పడవ నీళ్ళ మొహం చూడలేదు. అయినా అది పడవ. ఎండకి వదిలేస్తే పాడైపోతుంది.

ఆగస్టులో ఒక శనివారం, బెవన్ పైపుతో కారు టాపు మీద మసి కడుగుతుంటే, మసితో పాటు ఇంకేదో లేచింది. అరచేతిలోకి తీసుకుని చూశాడు. ఉల్లిపొరలా పల్చగా, గాజులా మెరుస్తూ ఉంది.

"గ్లెన్! ఓ గ్లెన్! ఇటొచ్చి చూడు, కారు తోలు ఊడిపోతోంది!"

గ్లెనిస్ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. టాపు మీద చపాతీ అంత మేర మెరుపు పొర లేచిపోయి, కింద ఎరుపు వెలిసి, గులాబీ రంగుకి దిగింది.

"బీచికి పోయొచ్చిన నీ వీపులా ఉంది" అంది.

ప్రహరీ అవతల నుంచి పక్కింటి ఐవర్ తల పైకి లేచింది. వెనక తొట్టి ఉన్న ఐవర్ పాత బండి అతనితో పాటు అదే వీధిలో, అదే ఎండలో, అదే మసిలో ముసలిదైంది. కొన్నప్పుడు తెలుపు. ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం.

"కడక్కురా, కడక్కురా అని మొత్తుకున్నా. విన్నావా? నా బండి చూడు. వాన తప్ప దాని ఒంటి మీద చుక్క నీరు పడలేదు. గుండ్రాయిలా ఉంది."

"నీ బండికి రంగుందని ఎవరు చూశారు?" అన్నాడు బెవన్.

ఆ సాయంత్రమే బెవన్ శపథం చేశాడు. ఆ రంగు కంపెనీ చేతే వేయించాలి. వేయించినట్టు, తను గడ్డి మీద బంతులు దొర్లించే ఆట ఆడే బౌల్స్ క్లబ్బులో ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఈ రెండూ జరక్కపోతే తన పేరు బెవన్ టల్లీ కాదన్నాడు. మొదటిది జరిగితే చాలదా అని గ్లెనిస్ అడిగితే, ఎవరికీ తెలియని గెలుపు గెలుపెలా అవుతుందని కోప్పడ్డాడు.

ఇక్కడో చిక్కుంది. కారు కొన్నది ఏటి వంతెన దాటితే వచ్చే షోరూములో. అక్కడ సర్వీసు మేనేజరు డెస్మండ్. క్లబ్బులో జంటల ఆటకి బెవన్ జోడీ ఆ డెస్మండే. బుధవారం గడ్డి మీద ఒకరి భుజం ఒకరు తట్టుకుంటారు. సోమవారం షోరూములో డెస్మండ్ మెడకి టై ఉంటుంది.

"చూడండి మిస్టర్ టల్లీ, మీ వారంటీ మార్చిలో అయిపోయింది."

"అయిపోయింది వారంటీ. కారు కాదుగా, డెస్?"

"ఇక్కడ డెస్ అనకు... అనకండి. అవతల కస్టమర్లున్నారు."

"అయితే విను... వినండి. ఈ దేశంలో చట్టం ఉంది. వారంటీ ఉన్నా ఊడినా, ఇంత పోసి కొన్న వస్తువు న్యాయంగా ఎంతకాలం ఉండాలో అంతకాలం ఉండి తీరాలి. రంగు ఇంత తొందరగా ఊడుతుందని ముందే చెప్పుంటే కొనేవాణ్ణా?"

"కొనేవాడివి. ఆ ఎరుపు చూసి నువ్వెలా అయిపోయావో నాకింకా గుర్తే." డెస్మండ్ టై సర్దుకున్నాడు. "కంపెనీ ఏమంటుందో నేనిప్పుడే చెప్పగలను. బయటి వాతావరణం వల్ల అంటుంది. ఎండ, పిట్ట రెట్టలు, చెరకు మసి."

"మరి ఈ కారు నాకెక్కడ అమ్మావు నువ్వు? చంద్రమండలంలోనా?"

డెస్మండ్ ఫోను అందుకున్నాడు. కంపెనీ మనిషిని బ్రిస్బేన్ నుంచి పిలిపిస్తానన్నాడు.

బుధవారం ఇద్దరూ కలిసి ఆడారు, గెలిచారు కూడా. గడ్డి మీద వ్యాపారం మాట్లాడకూడదన్నది ఆ క్లబ్బు మర్యాద. అందుకని డెస్మండ్ వింటున్నప్పుడు ఇద్దరూ వాన గురించే మాట్లాడుకున్నారు. డెస్మండ్ బీరు తేవడానికి లేచినప్పుడల్లా బెవన్ తన టాపు గురించి మాట్లాడాడు. జనం కుర్చీలు జరుపుకుని దగ్గరకొచ్చారు. అన్నేళ్ళు ఇంటిపన్నుల సీటులో కూర్చున్నా అతని మాట ఇంత మంది విన్న పాపాన పోలేదు. లైబ్రరీలో పనిచేసే నోలీన్ అయితే చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమెదీ అదే కారు. నీలం రంగు. ఆమె కారు టాపు మీదా చిన్న బుడగ లేచింది.

"ఏమైందో నాకు చెప్పాలి సుమా, బెవన్. నువ్వెలా నడిస్తే నేనూ అలాగే నడుస్తా."

"ఎందుకు చెప్పను? అందరికంటే ముందు నీకే చెప్తా" అన్నాడు బెవన్. ఆ రాత్రి అతనికి మంచి నిద్ర పట్టింది. నిజం చెప్పాలంటే, పెచ్చులూడిన టాపుతో అతను సుఖంగానే ఉన్నాడు.

కంపెనీ మనిషి వచ్చే ముందురోజు బెవన్ పొద్దున్నే లేచి కారు కడిగి, తుడిచి, మైనం రాసి, చక్రాలకి కూడా మెరుగుపెట్టాడు.

"ఏమయ్యా, జబ్బు చూపించుకోడానికి పోతూ మొహానికి పౌడరు రాసుకుంటారా ఎవరైనా?" అంది గ్లెనిస్.

"బ్రిస్బేన్ నుంచొస్తున్నాడే. మురికి కారు చూపిస్తే మన గురించి ఏమనుకుంటాడు?"

వచ్చినవాడి పేరు లాక్లన్. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. చేతిలో రంగు మందం కొలిచే చిన్న పరికరం. కారు చుట్టూ తిరిగి, అక్కడక్కడా పరికరం ఆనించి, మెచ్చుకోలుగా తలూపాడు.

"ఎంత బాగా చూసుకున్నారు! వారం వారం కడుగుతారా?"

"తప్పకుండా!" అన్నాడు బెవన్, ఛాతీ పొంగించి.

"మైనం కూడా?"

"నెల తప్పను!"

"అదే సార్ వచ్చిన చిక్కు. మరీ ఎక్కువ రుద్దితే పైపొర అరిగిపోతుంది."

గ్లెనిస్ ఆకాశం వంక చూసింది. బెవన్ ఛాతీ దిగింది.

"కడక్కపోతే?"

"కడక్కపోతే మసి తినేస్తుంది. నిర్లక్ష్యం కిందికి వస్తుంది."

"కడిగితే అతిశ్రద్ధ, మానేస్తే నిర్లక్ష్యం. మరి ఎలా చావమంటావు నాయనా?"

లాక్లన్ పరికరం ఇంకోసారి ఆనించబోతుండగానే వీధి చివర చెరకు తోటలో మంట లేచింది. అలవాటు ప్రకారం వీధంతా గేట్ల దగ్గరికొచ్చింది. ఐవర్ బీరు పట్టుకుని బయటికొచ్చి, కొత్త మనిషి కదా అని అతనికీ ఒకటి ఇచ్చాడు. లాక్లన్ అంత ఎత్తు మంట ఎప్పుడూ చూడలేదట. నోరు తెరిచి చూస్తుండిపోయాడు. మొదటి పీలిక వచ్చి అతని చొక్కా జేబు మీద వాలింది. చేత్తో తుడిచాడు. తుడవకూడదు. అది పొట్ట దాకా సాగింది.

అప్పుడు బెవన్ వీధిలో వరసగా ఆగి ఉన్న కార్లని చూశాడు. అన్నిటి మీదా ఒకేలా మసి పడుతోంది. చూపు తిప్పుకుంటూ పోయి ఐవర్ బండి దగ్గర ఆగాడు. అంతే, పైపు అందుకున్నాడు.

"ఒరేయ్! ఒరేయ్! నా బండి జోలికి పోకు!" ఐవర్ అరుస్తూనే ఉన్నాడు. బెవన్ అప్పటికే దాని టాపు మీద నీళ్ళు కొట్టి, గ్లెనిస్ చేతిలో ఉన్న దుప్పటి కొంగుతో పలక అంత మేర రుద్దేశాడు. గ్లెనిస్ ఏదో అంది. అది ఇక్కడ రాయడం బాగోదు.

ఏళ్ళ తరబడి పేరుకున్న మురికి కింద నుంచి తెల్లటి రంగు బయటపడింది. చిన్న పగులు లేదు. ఎక్కడా పొర లేవలేదు. అందులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

"చూడు నాయనా" అన్నాడు బెవన్, గసపెడుతూ. "ఇదీ ఈ వీధిదే. ఇదే ఎండ, ఇదే మసి. నా కారు పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉంది. కడిగిన పాపాన పోలేదు. నిర్లక్ష్యానికి పోటీలు పెడితే మొదటి బహుమతి దీనికే. దీని రంగు ఎందుకు ఊడలేదో చెప్పు, నేను నోరు మూసుకుంటా."

లాక్లన్ ఆ పలక మీద పరికరం ఆనించాడు. కొలత చూశాడు. మళ్ళీ ఎర్ర కారు దగ్గరికెళ్ళి, ఎవరి చెయ్యీ పడని తలుపు అంచున ఆనించాడు. రుద్దుడు తగలని ఆ చోటా రంగు పల్చగానే ఉంది. పరికరం జేబులో పెట్టేసుకున్నాడు. మంచి బీరు, థాంక్స్ అన్నాడు. 

"బంగారంలాంటి బండికి తెల్ల కిటికీ పెట్టావు కదరా" అని ఐవర్ మాత్రం చీకటి పడేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

తర్వాతి వారం డెస్మండ్ ఒక కాయితం పట్టుకుని ఇంటికే వచ్చాడు. టై లేదు, కానీ ఉన్నట్టే కూర్చున్నాడు. గ్లెనిస్ గుమ్మడికాయ కలిపి కాల్చిన చిన్న రొట్టెలు, స్కోన్లు పెట్టింది. కంపెనీ టాపూ బానెట్టూ రెండూ ఉచితంగా కొత్త రంగు వేస్తుంది. తప్పు తనదని ఒప్పుకోదు, కేవలం మంచితనంతో వేస్తుంది. ఒకటే షరతు: ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. రంగు ఎవరు వేశారో, ఎందుకు వేశారో, డబ్బు ఎవరు ఇచ్చారో నోరు విప్పకూడదు.

"ఎవరికీ అంటే?"

"ఎవరికీ అంటే ఎవరికీ. నేను కూడా చెప్పకూడదు. ఇంకో స్కోను తీసుకోనా గ్లెన్?"

డెస్మండ్ వెళ్ళాక బెవన్ పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. షెడ్డులోకెళ్ళి పడవలో కూర్చుని ఆలోచించాడు. ఆ పడవ ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది.

"రంగు కావాలా, నోరు కావాలా? తేల్చుకో" అంది గ్లెనిస్, తలుపు దగ్గర నిలబడి. "సంతకం పెట్టకపోతే కోర్టుకెళ్ళాలి. కోర్టుకెళ్తే డెస్‌ని బోనులో నిలబెట్టాలి. ఆ తర్వాత బుధవారాలు ఎవరితో ఆడతావు? నాతోనా? నేను రాను."

బెవన్ సంతకం పెట్టాడు.

కారు తిరిగొచ్చింది. కొత్త పెళ్ళికూతురిలా ఉంది. పొద్దున టీ కప్పుతో వరండాలో కూర్చుంటే, ఎండ ఆ టాపు మీద పడి బెవన్ కళ్ళలోకి తిరిగొస్తుంది. కళ్ళు చికిలిస్తూ హాయిగా కూర్చుంటాడు. అడిగినవాళ్ళకి ఆ హాయి గురించి చెప్పకూడదు, అంతే.

ఐవరే ముందు అడిగాడు. "ఎంతయిందిరా?"

బెవన్ నవ్వి ఊరుకున్నాడు.

"అంతయిందా! పాపం." అని ఐవర్ క్లబ్బుకెళ్ళాడు.

ఆ బుధవారం బెవన్ అడుగు పెట్టేసరికి క్లబ్బంతా సానుభూతితో నిండిపోయి ఉంది. ఒకడు భుజం తట్టాడు. ఒకడు, పెద్ద కంపెనీలతో మనలాంటి వాళ్ళేం పెట్టుకోగలంలే అన్నాడు. ఇంకొకడు, మైనం తగ్గించుకో అని సలహా ఇచ్చాడు. చేతి డబ్బు పెట్టుకుని రంగు వేయించుకున్న వెర్రిబాగులవాడి కింద ఊరు తనని జమ కట్టేస్తుంటే, గెలిచినవాడు తేలు కుట్టిన దొంగలా కూర్చుని సాసేజీ తింటున్నాడు. డెస్మండ్ తన బీరులో ఏదో పడ్డట్టు దానిలోకే చూస్తున్నాడు.

నోలీన్ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె కారు బుడగ పగిలిందట.

"నీ చేతే కాలేదంటే ఇంక నావల్లేం అవుతుంది బెవన్? నేను అడగను కూడా అడగను. పోనీలే, ఆ రంగు వేసినవాడెవరో చెప్పు, నేనూ డబ్బిచ్చి వేయించుకుంటా."

బెవన్ నోరు తెరిచాడు. డెస్మండ్ దగ్గాడు. బెవన్ ఆ తెరిచిన నోట్లో సాసేజీ ముక్క పెట్టుకుని, నములుతూ, నోలీన్ వంక కనుబొమ్మలు గట్టిగా పైకీ కిందికీ ఆడించాడు.

"పళ్ళు నొప్పా?" అంది నోలీన్ జాలిగా.

అప్పటి నుంచీ బెవన్‌కి ఇదే ఆలోచన. తన పరువు సంగతి పోనీ, గ్లెనిస్ చెప్పినట్టు అది కూడా కారు పైపొర లాంటిదే, ఎక్కువ రుద్దితే అరిగిపోతుంది. కానీ నోలీన్ ఈ శుక్రవారం ఎవడికో డబ్బు కట్టేయబోతోంది. అంతలోపు నోరు విప్పకుండా, చెయ్యి కదపకుండా, డెస్మండ్ దగ్గకుండా ఆమెకి ఒక్క ముక్క అర్థమయ్యేలా చేయాలి. గ్లెనిస్‌కి ఏమీ తోచలేదు. రాస్తున్న నాకూ తోచలేదు. బాబ్బాబు, మీలో ఎవరికైనా ఇలాంటి గెలుపు గెలిచి నోరు కట్టుకు కూర్చున్న అనుభవం ఉంటే, దయచేసి ఏదైనా ఉపాయం చెప్పండి. కనుబొమ్మలు ఆడించమని మాత్రం చెప్పకండి, అది అయిపోయింది. ఏం చేయమంటారు చెప్పండి, మీకు పుణ్యముంటుంది.