అచ్చియమ్మ ఏ బండి?

వత్తి చివర పేరుకున్న బొగ్గును కత్తెరతో కత్తిరించి, ఊదకుండా వేలితోనే దులిపాడు నూకరాజు. ఊదితే మసి ఎగిరి అద్దానికి అంటుకుంటుంది, మళ్ళీ మొదటినుంచీ తుడుచుకోవాలి. ల్యాంపురూము బల్లమీద సిగ్నలు దీపాలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కదాని మూత తీయడం, కిరసనాయిలు పోయడం, అద్దం తుడవడం, వత్తి సమం చేయడం, పక్కన పెట్టడం. బిలాస్‌పూర్ యార్డంతా కూతలతో, ఆవిరితో దద్దరిల్లుతున్నా అతని చేతులు తొందరపడవు. పొద్దున్నే గదిలోకి వచ్చి సాయంత్రానికి సిగ్నళ్ళన్నీ వెలిగించి వెళ్ళడం, ఇంతే అతని ఉద్యోగం.

నలభై దాటిన మనిషి. సన్నంగా, పొడుగ్గా ఉంటాడు. దీపాలు మోసి మోసి కుడిభుజం కాస్త కిందికి జారింది. గోళ్ళ సందుల్లో మసి ఏ సబ్బుకీ లొంగలేదు. పెళ్ళి భోజనాల్లో బంతిన కూర్చుంటే పక్కవాడు కొంచెం ఎడంగా జరుగుతాడు, కిరసనాయిలు వాసనకి. నూకరాజు దానికేమీ అనుకోడు, తనే ఇంకొంచెం జరిగి కూర్చుంటాడు. చీపురుపల్లి దగ్గర పల్లెనుంచి మేనమామ వెంట వచ్చి ఈ రైల్వేలో చేరాడు. కట్టుకున్న పిల్ల కాపరానికొచ్చిన ఏడాదే కలరాతో పోయింది. మళ్ళీ మనువాడమని ఎవరన్నా అంటే "చూద్దాం" అనేవాడు. ఆ చూద్దాంలోనే సగం జీవితం గడిచిపోయింది, పాపం.

మరి అలాంటి మనిషి నోరు ఎలా విప్పాడంటే, వాన వల్ల.

రెండేళ్ళ కిందట శ్రావణంలో ఒకరోజు, శనగలమ్మే అచ్చియమ్మ వానకి తడవలేక బుట్టతో సహా ల్యాంపురూము చూరు కిందికొచ్చి నిలబడింది. లోకోషెడ్డులో ఫిట్టరు త్రినాథరావు చెల్లెలు ఆవిడ. మొగుడు పోయాక అన్న పంచన చేరి, ఉడకబెట్టిన శనగలు మోదుగాకు దొప్పల్లో పెట్టి గేటు దగ్గర అమ్ముతుంది. నల్లని నిండైన మనిషి, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ఇతను లోపల, ఆవిడ బయట. మాట లేదు, పలుకు లేదు. వాన మాత్రం తగ్గదు. అంతలో గార్డొకాయన గొడుగు వేసుకుని, మీసాలు దువ్వుకుంటూ, ఎవరిమీదో విసుక్కుంటూ పోయాడు.

"ఆ గార్డుబాబు కూరైతే ఏ కూరంటావు?" అంది అచ్చియమ్మ, వానకేసి చూస్తూ.

ఇదేం ప్రశ్న! నూకరాజు తెల్లబోయాడు. తెల్లబోయిన నోటినుంచే జవాబు ఊడిపడింది.

"కాకరకాయ. బెల్లమేసి వండింది. డ్యూటీలో సేదు, ఇంటికాడ పెళ్ళాం దగ్గర తీపి."

ఆవిడ నవ్విన నవ్వుకి నెత్తిమీద బుట్ట ఊగిపోయింది. బాబోయ్, తన మాటకి ఒక మనిషి అంత నవ్వగా నూకరాజు ఎన్నడూ చూడలేదు. ఆ రోజునుంచి ఆవిడ బుట్ట గేటు దగ్గర కాక ల్యాంపురూము అరుగుమీద దిగింది. ఆట సాగింది. కూరలయ్యాక పిట్టలు, పిట్టలయ్యాక గిన్నెలు, గిన్నెలయ్యాక రైలుబళ్ళు. టికెట్టు కలెక్టరు గుమ్మానికి కట్టిన మామిడాకు, పండగ వెళ్ళిపోయినా ఎవరూ తీయరు. పట్టాలు మార్చే పాయింట్స్‌మేన్ బంగార్రాజు మూతలేని సత్తుగిన్నె, ఏ కబురూ దాగదు. ఆవిడ ఒకటంటే ఇతను ఇంకొకటి. ఊళ్ళో జనాన్ని కూరలుగా వండుతూ వండుతూ ఒకరి రుచి ఒకరు తెలుసుకున్నారు. తెలుగువాళ్ళ క్వార్టర్ల లైన్లో నాలుకలు ఊరుకోవు కదా, ఒంటరి మగాడూ మొగుడు పోయిన ఆడదీ సొంత కబుర్లు చెప్పుకుంటే ఇంకేమన్నా ఉందా! ఊరివాళ్ళ మీద వేళాకోళానికి ఎవరేమంటారు?

సిగ్నలు నిచ్చెన ఎక్కినప్పుడు కూడా అతనికి ఇదే ధ్యాస. పైనుంచి చూస్తే అరపా నది ఇసుక, సిర్గిట్టి పొలాలు, ఇళ్ళమీద సాయంత్రపు పొగ అన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగి కనిపించేవి. కింద నడిచే ప్రతి మనిషీ ఇంకోటేదో అయిపోయేవాడు. ఒకడు కొంగ, ఒకడు ఆవకాయ జాడీ. నిచ్చెన దిగేసరికి నాలుగైదు జవాబులు మూటగట్టుకుని దిగేవాడు. ఎప్పుడు అరుగు చేరతానా, ఎప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుపోతాయా అని ఆరాటం. దాన్ని ఏమంటారో అతనికి తెలియదు కానీ లైన్లో అందరికీ తెలుసు.

మొన్న దసరా వెళ్ళాక అచ్చియమ్మ బుట్టలోకి చూస్తూ, దొప్పలు సర్దుతూ అడిగింది.

"మరి నానైతే ఏ బండిని?"

అంతవరకూ తమ గురించి తాము అడుక్కోలేదు. అడిగిందంటే ఎంత ఆలోచించుకుని అడిగి ఉండాలి! నూకరాజు ఏమీ ఆలోచించలేదు. గుండెల్లో ఉన్నది ఉన్నట్టు అనేశాడు.

"గూడ్సువి."

అయ్యో నూకరాజూ! మెయిలు లేదా? పోనీ పాసింజరన్నా లేదా? ఆవిడ మొహం నల్లబడింది. బుట్ట తనే ఎత్తుకుని, వెనక్కి చూడకుండా పోయింది. మర్నాటినుంచి పట్టాలకి అవతల, వంతెన మెట్ల దగ్గర కూర్చుంటోంది. ఇతనికి ఏం తప్పు జరిగిందో తెలియలేదు. నిజంగానే తెలియలేదు.

ఇవాళ బంగార్రాజు వచ్చి గుమ్మానికి ఆనుకుని బీడీ తీశాడు.

"ఇక్కడ బీడీ ముట్టించకు" అన్నాడు నూకరాజు.

"ముట్టించన్లే. కబురిందువుగాని. త్రినాథరావుకి చక్రధరపూర్ బదిలీ అయినాది. ఈ సాయంత్రం పాసింజరుకే సంసారం ఎత్తేస్తన్నాడు."

నూకరాజు చేతిలో కత్తెర ఆగింది. "మరి సెల్లెలు?"

"సెల్లెల్ని ఇక్కడెవరికాడ ఒగ్గెల్తాడు? నీ కాడా?" బంగార్రాజు గొంతు తగ్గించాడు. "అసలేటన్నావురా ఆవిణ్ని? అరుగు మానేసినాదని లైనంతా గోల."

"గూడ్సన్నాను."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఆడకూతుర్ని పట్టుకుని గూడ్సంటావేటిరా? నల్లగా, బరువుగా, ఈడ్చుకుంటా పోతాదనా?"

"నానలాగన్లేదు."

"మరెలాగన్నావు?"

నూకరాజు మళ్ళీ వత్తి కత్తిరించడం మొదలెట్టాడు. బంగార్రాజు బీడీ చెవి సందున పెట్టుకున్నాడు. "సూడు. లైన్లో మగోళ్ళందర్నీ అన్నయ్యా అంతాది. నిన్నొక్కణ్నే ఆ మాటనదు. నువ్వు సూళ్ళేదేమో గానీ మేం సూసినాం. మనోళ్ళలో మారుమనువు తప్పు గాదు. అడిగితే త్రినాథరావు కాదండు. సాయంత్రందాకా టైమున్నాది. ఎల్లి అడుగు."

అడగాలి. అడక్కపోతే అచ్చియమ్మ వెళ్ళిపోతుంది, గూడ్సన్న మాట మనసులో ముల్లులా పెట్టుకుని మరీ వెళ్ళిపోతుంది. మధ్యాహ్నమంతా దీపాలు మోసుకుంటూ అతను మాటలు కూర్చుకున్నాడు. తర్వాతి స్టేషను గతౌరా వైపున్న ఔటరు సిగ్నలు నిచ్చెనెక్కి దీపం అమర్చాడు. సిగ్నలు రెక్కకి ఉండేది నీలం అద్దం. దాని వెనక కిరసనాయిలు పసుపు మంట ఉంటే దూరానికి పచ్చగా కనబడుతుంది. ఇది బాగుంది, నువ్వు నీలం నేను పసుపు అని చెప్తే? ఆవిడ నవ్వుతుంది. కానీ తను అన్నది గూడ్సని, అది నిజం కూడాను. నిజాన్ని మార్చి ఇంకేదో అంటే ఆవిడ ఇట్టే కనిపెట్టేస్తుంది.

అతనింకా నిచ్చెనమీద ఉండగానే ధాన్యం గూడ్సు వచ్చింది. నిచ్చెన వణికింది, ఒళ్ళు వణికింది. ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె, తొందర లేకుండా, తరగకుండా, ఎవరూ చెయ్యి ఊపకపోయినా వెళుతూనే ఉంది. నూకరాజు కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. ఎంత హాయిగా ఉంది! ఆఖరి పెట్టె వెళ్ళిపోయాక చాలాసేపు దిగబుద్ధి కాలేదు.

పొద్దు వాలుతుండగా పాసింజరు ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. ఆఖరి పెట్టెకి ఎర్రదీపం తగిలించడం నూకరాజు డ్యూటీయే. వెలిగించిన దీపం చేత్తో పట్టుకుని నడుస్తుంటే, మూడోతరగతి పెట్టె ముందు రేకు ట్రంకుమీద అచ్చియమ్మ కూర్చుని ఉంది. కొత్త చీర కట్టింది. త్రినాథరావు లోపల మూటలు సర్దుతున్నాడు.

నూకరాజు ఎదురుగా నిలబడ్డాడు. కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో!

"గూడ్సంటే..." అన్నాడు.

"ఇంకా ఆ మాటేనా?" అచ్చియమ్మ మొహం తిప్పుకుంది.

"ఇను. మెయిలు టికెట్టున్నోళ్ళనే ఎక్కించుకుంతాది. గూడ్సు ఊరందరి తిండీ మోస్తాది. దానికి దండలెయ్యరు, ఎదురెల్లరు. ఎవుడు దారిమ్మన్నా పక్క లైన్లోకి తప్పుకుని నిలబడతాది. ఎంత ఆలీసమైనా గానీ సరుకు సేర్చకుండా మాత్రం ఉండదు. మద్దిదారిలో దింపేసి ఒగ్గెయ్యదు." ఊపిరి తీసుకున్నాడు. "దాని సప్పుడు ఇనకపోతే నాకు నిద్దరట్టదు, అచ్చియమ్మా. అరుగుమీద నువ్వు నేవు, నాకు నిద్దర నేదు. నువ్వెల్లకు. ఉండిపో. మీ అన్నయ్యని నానడుగుతాను."

జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు అతను ఎప్పుడూ అనలేదు. అచ్చియమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నయ్య నన్నక్కడ ఒకాయనకిస్తానని మాటిచ్చేసినాడు" అంది. "ఆయనకి పెళ్ళాం పోయినాది. నలుగురు పిల్లలంట. సిన్నదింకా నడవదంట. అమ్మొస్తన్నాదని ఆళ్ళకి సెప్పేసినారంట."

"నువ్వొప్పుకున్నావా?"

"నిన్నటిదాకా ఏడిసినాను, ఎవరి పిల్లలో నానెందుకు మొయ్యాలని. నాకేటి ఖర్మని." కళ్ళు తుడుచుకుని అతన్ని తేరిపార చూసింది. "గూడ్సంటే ఇదా! ఈ మాటప్పుడే సెప్పలేకపోనావా?"

"మరిప్పుడు సెప్పాను గదా."

"సెప్పినావు. సరుకు సేర్చకుండా ఉండదని నువ్వే అన్నావు గదా. మరి ఆ పిల్లల్ని ఎలాగొగ్గెయ్యమంతావు?"

ఆవిణ్ణి నిలుపుకోడానికి అన్న మాటే ఆవిణ్ణి బండెక్కిస్తోంది. వెనక్కి తీసుకోవాలనిపించింది. అబద్ధం కాని మాటని ఎలా వెనక్కి తీసుకుంటాడు? గంట కొట్టారు. త్రినాథరావు పైనుంచి ట్రంకు అందుకున్నాడు. అచ్చియమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

"మరి నానేటి?" అన్నాడు నూకరాజు, కిటికీ ఊచ పట్టుకుని.

ఆవిడకి ఆలోచించే పని లేదు. ఎప్పుడో అనుకుని ఉంచుకున్న జవాబు. "సిగ్నలువి. నీ రెక్కెప్పుడు దిగుతాదోనని వాననక ఎండనక ఆ అరుగుకాడ ఎంత కాలం నిలబడ్డానో!"

"దిగినాది గదా."

"దిగినాది" అంది అచ్చియమ్మ. ఆ నవ్వుకి కళ్ళు మూసుకుపోయి నీళ్ళు చెంపలమీదికి జారాయి. "దిగితే బండి కదలాల గదా మరి. దీపం తగిలించుకో, ఎల్లు. ఆలీసమైపోతన్నాది."

అతను పరుగెత్తాడు. ఆఖరి పెట్టె వెనక కొక్కేనికి దీపం తగిలించి, ఊగకుండా సరిచూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. గార్డు ఈల ఊదాడు. బండి గతౌరా వైపు మెల్లగా కదిలింది. తను పొద్దున్న తుడిచి, నూనె పోసి, వెలిగించిన ఎర్రదీపం చిన్నదవుతూ చిన్నదవుతూ వెళ్ళి, పొగలో కనిపించకుండా పోయింది. ఏడవాలనిపించింది, అక్కడే నిలబడి ఏడ్చాడు. తలగుడ్డతో మొహం తుడుచుకుంటే దానికున్న మసి మొహాన పరుచుకుంది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. రెండో ప్లాట్‌ఫారం దీపాలు ఇంకా వెలిగించాలి. ట్రంకుపెట్టె ఉన్నచోటు దాటబోయి ఆగాడు. అచ్చియమ్మ ఆ పెట్టెను ఇక్కడిదాకా నెత్తిమీద మోసుకొచ్చినప్పుడు దాని కింద పెట్టుకున్న చుట్టకుదురు నేలమీద ఉండిపోయింది. వెలిసిన చీరపీలికను గుండ్రంగా చుట్టి, చుట్టూ నల్లదారంతో కుట్టింది. దానికి తలనూనె మరక, రెండు వెంట్రుకలు ఉన్నాయి, మధ్యలో ఆవిడ నడినెత్తి మోపిన గుంట ఉంది, ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది.