కోనెం ఇచ్చి తోటకూర

డిస్పెన్సరీలో నర్సు, కడుపుతో ఉన్న కాళమ్మ కింది కనురెప్పను లాగి చూసి, ఆమె తల్లి గురువమ్మ వైపు తిరిగింది.

"ఏడో నెల. ఒంట్లో రక్తం లేదు. మాత్రలొక్కటే చాలవు, రోజూ ఆకుకూర తినాలి. నెల తిరిగేసరికి ఇలాగే ఉంటే కాన్పు ఇక్కడ చెయ్యం. అవతలి ఒడ్డుకి, పెద్దాసుపత్రికి పోవాలి."

అవతలి ఒడ్డంటే పోర్ట్ బ్లెయిర్. రాత్రిపూట నొప్పులొస్తే దాటించే పడవ ఉండదు. గురువమ్మ భర్త అసిరయ్య సముద్రంలోకి చేపల వేటకు పోయి తిరిగి రాక అప్పటికి రెండేళ్ళు. కూతుర్ని కూడా నీళ్ళ మీద పెట్టి తీసుకుపోవాలన్న మాటను ఆమె మనసులోకి రానివ్వలేదు.

ఇవతలి ఒడ్డున వాళ్ళుండే బాంబూఫ్లాట్‌లో చేపకు కరువు లేదు. ఆకుకూరకే కరువు. కూరగాయలు మద్రాసు ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైతే బజారులో బంగాళాదుంపలు, ఉల్లిపాయలు తప్ప మరేమీ కనబడవు. ఓడ వచ్చిన రోజున ఆ ధర వినే వెనక్కి తిరగాలి. బస్సెక్కి ఫెరార్గంజ్ పోతే మాత్రం, అక్కడ స్థిరపడిన బెంగాలీ రైతుల పెరళ్ళు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయని ఎవరో చెప్పారు.

"సేతిలో డబ్బుల్లేవు. ఏటట్టుకెల్తావే అమ్మా?" అంది కాళమ్మ.

"సేప. మనకున్నదదే గదా."

మర్నాడు తెల్లవారగానే మరిది నూకన్న పడవలోంచి మంచి కోనెం చేప ఏరుకుని, గంపలో పెట్టుకుని బస్సెక్కింది.

"దీదీ, కంపు! గంప పైన పెట్టు," అన్నాడు కండక్టరు.

"మద్దేన్నం నీ పళ్ళెంలోకొస్తే కంపు రాదేటి, భయ్యా?"

బస్సంతా నవ్వింది. గంప ఆమె కాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఫెరార్గంజ్‌లో దిగి కొంత దూరం నడిచాక ఒక ఇంటి పెరట్లో తోటకూర మోకాలెత్తు ఎదిగి కనబడింది. వసారాలో తెల్లచీర కట్టుకున్న ముసలావిడ చిన్న పొయ్యి మీద ఏదో ఉడికిస్తోంది. కొత్త ఇంటికి బేరానికి పోతే ముందు మంచి చేపను వాళ్ళ పొయ్యి దగ్గర పెట్టి, ఆ తర్వాతే నోరు విప్పాలి. గురువమ్మ వాళ్ళ పేటలో అదే మర్యాద. ఆమె ఆకు పరిచి కోనేన్ని పొయ్యి పక్కనే పెట్టింది.

ముసలావిడ నిప్పు తొక్కినట్టు లేచింది. "హటావో! మచ్ఛీ హటావో!" అని, చేప తీసెయ్యమని అరిచి, ఉడుకుతున్న కుండ దించి ఆవు తొట్టిలో కుమ్మరించేసింది.

గురువమ్మ ముఖం మండిపోయింది. "జాలరోళ్ళ సేతిది అంత పనికిరాకుండా పోయిందేటి!" అంది, హిందీ మరిచిపోయి. చేప గంపలో వేసుకుని లేచింది. కాని కాళమ్మ కనురెప్ప లోపలి తెలుపు గుర్తొచ్చి అడుగు ముందుకు పడలేదు.

కేకలు విని వెనక వాకిట్లోంచి కోడలు మాలతి పరుగున వచ్చింది. "గుస్సా మత్ కరో, కోపం వద్దు దీదీ. మా అత్త భర్త పోయిన మనిషి. మాలో అలాంటివాళ్ళు చేప ముట్టరు. మేం తింటాం, మా వంట వెనకవైపు. నువ్వు సరిగ్గా ఆవిడ పొయ్యి దగ్గరే పెట్టావు."

గురువమ్మ గంప దడి బయట పెట్టి వచ్చింది. చేతులు కడుక్కుని, పేడ అడిగి కలుపుకుని వసారా అంతా తానే అలికింది. ముసలావిడ మునగచెట్టు కింద నిలబడి చూస్తూ ఉంది. పని అయ్యాక వచ్చీరాని హిందీలో అడిగింది.

"నీ మగడు?"

"సముద్రంలో పోయాడు, మాసీ. రెండేళ్ళయింది."

"అయినా చేప తింటావా?"

ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. అందుకే గురువమ్మ ఆలోచించి జవాబు చెప్పింది.

"మూడు నెలలు ముట్టలేదు. ఏ చేపను చూసినా, ఆయన ఉన్న చోటినుంచే వచ్చింది కదా అనిపించేది. నేను తినకపోతే పిల్లా తిననంది. మా ఇంట్లో ఇంకేముంది? తిన్నాను."

ఆ పిల్లకే ఇప్పుడు రక్తం లేదని, అందుకే వచ్చానని చెప్పింది. ముసలావిడ కొడవలి తీసుకుని పెరట్లోకి పోయింది. తోటకూర, బచ్చలి కోసి, మునగాకు దూసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది.

"చేప వెనక మాలతికి ఇయ్యి. పిల్లలున్నారు."

గురువమ్మ మూట చేతిలో పెట్టుకుని బరువు చూసింది. "అంత కోనేనికి ఇంతేనా, మాసీ?"

ముసలావిడ మొదటిసారి నవ్వింది. "నీ చేప ఈ పూటతో సరి. నా తోట వారం వారం ఇస్తుంది. శుక్రవారం రా. ఈసారి చిన్న చేప చాలు."

నాలుగు శుక్రవారాలు గడిచాక నర్సు మళ్ళీ కనురెప్ప లాగి చూసింది. "పరవాలేదు. ఇక్కడే కనొచ్చు. ఆకుకూర మాత్రం మానొద్దు."

"ఇంకా ఆకులేనా?" కాళమ్మ నెత్తి కొట్టుకుంది. "మేకనైపోతానే, అమ్మా!"

"అవ్వు. బిడ్డకి పాలైనా ఉంటాయి," అంది గురువమ్మ.