అమ్మ కొలతల బొమ్మ

పిన్ని కుట్టుకొట్టులో మూలనున్న బొమ్మకు తల లేదు, చేతులూ లేవు. అయినా బడి వదలగానే పిచ్చుక పరుగెత్తేది దాని దగ్గరికే. పేరుకు తగ్గట్టే పిట్టంత పిల్ల.

"ఇవాళ కూడా నా పక్కన ఎవరూ కూర్చోలేదమ్మా," అని చెప్పుకునేది. తర్వాత ఇద్దరూ పడవెక్కేవారు. కింద పడ్డ గుడ్డపీలికలు అలలు, కుట్టుమిషను చప్పుడు పడవ మోటారు. ఆ పడవలో మూడో మనిషికి చోటు లేదు.

నిజానికి అది ఉత్త ఇనప చట్రం. ఎవరి గౌను కుడితే వాళ్ళ కొలతకు వచ్చేదాకా పిన్ని దానికి పీలికలు చుడుతుంది. చివరిసారి చుట్టింది తన అక్క కోసం, అంటే పిచ్చుక వాళ్ళమ్మ కోసం. గౌను పూర్తికాకముందే అమ్మ మంచం పట్టింది. చిక్కి చిక్కి పుల్లయిపోయి, ఆసుపత్రి నుంచి ఇక రాలేదు. బొమ్మ మాత్రం జబ్బుకు ముందటి అమ్మలాగే మిగిలింది. నడుము చుట్టూ చేతులు వేస్తే అవతల వేళ్ళ కొసలు తగిలీ తగలనట్టు తగిలేవి. అమ్మకూ అంతే.

"డాక్టరమ్మ రేపు గౌను కొలతలివ్వడానికి వస్తుంది. రివటలాంటి మనిషి. బొమ్మకు పీలికలు విప్పాలి," అంది పిన్ని.

ఆ రాత్రి పిచ్చుక పిన్ని కొలతల టేపు తీసింది.

కొలిచేటప్పుడు పిన్ని టేపు మొదలు చూడదు. బొటనవేలి కింద నొక్కిపెట్టి అవతలి అంకె చదవడమే అలవాటు. పిచ్చుక మొదటి అంకెలు కత్తిరించేసి, కొసన ఉండే రేకును మళ్ళీ పళ్ళతో నొక్కి బిగించింది.

"కాస్త ఒళ్ళు చేశారే," అంది పిన్ని మర్నాడు కొలుస్తూ.

"మా అత్తగారి చెవిన వెయ్యండి. పొద్దస్తమానం నన్ను చీపురుపుల్ల అంటుంది," అని నవ్వింది డాక్టరమ్మ.

బొమ్మను విప్పే పని పడలేదు. పిచ్చుక ఆ సాయంత్రం పడవను చాలా దూరం నడిపింది.

కుట్టిన గౌను డాక్టరమ్మ ఒంటిమీద గోనెసంచిలా వేలాడింది. "ఇందులో నాతోపాటు మా ఆయన కూడా పడతాడండీ. రేపు పెళ్ళికి దీంతో ఎలా వెళ్ళను?" అని గౌను విడిచి, సరిచెయ్యమని ఇచ్చి వెళ్ళిపోయింది.

పిన్ని టేపును చెక్క స్కేలు పక్కన పరిచింది. టేపుకు మొదటి అంకెలే లేవు. తర్వాత పిచ్చుక వైపు తిరిగింది.

"ఎందుకు చేశావే?"

"విప్పితే అమ్మ మళ్ళీ సన్నబడిపోతుంది పిన్నీ."

పిన్ని కొట్టలేదు. కొడితేనే బాగుండేది. "అది అమ్మ కాదురా తల్లీ, నా పాతగుడ్డలు," అంటూ మొదటి పీలిక కొస పట్టుకుంది.

ఒక్కో చుట్టూ ఊడుతుంటే బొమ్మ ఆసుపత్రి మంచం మీది అమ్మయింది. పిచ్చుక పీలికలన్నీ బొమ్మ చుట్టూ పరిచి పడవెక్కబోయింది. అవి అలలు కాలేదు. లేచి వెళ్ళి బొమ్మను గట్టిగా వాటేసుకుంది.

చేతులు ఒకదాన్నొకటి దాటిపోయాయి. తన మోచేతులే తన చేతులకు తగిలాయి.