చెరిగిపోయిన మూడు నిమిషాలు

1969 ఆగస్టులో యూర్గెన్ అనే జర్మనీ కుర్రాడు టేపు రికార్డరు చంకన పెట్టుకుని, నెల్లూరు ట్రంకు రోడ్డులో కృపాదానం నడిపే రేడియో రిపేరు షాపుకు వచ్చాడు. కోవూరు పక్క పల్లెల్లో మిషను వాళ్లు వేయించే బోర్ల పని మీద వచ్చినవాడు. ఇరవై రెండేళ్లుంటాయి. రికార్డరులో రబ్బరు బెల్టు సాగిపోయింది.

కృపాదానం ప్రస్తుతానికి ఏదో ఒక బెల్టు తగిలించి టేపు ఆడించాడు. పాట రాలేదు. డ్రమ్ములు ఒకే దరువును విడవకుండా మోగాయి. వాటి మీద గిటారు. దాని పైన ఒక కూత సన్నగా లేచి, లావై, మళ్లీ సన్నబడుతోంది.

"ఇది స్టేషను దొరకనప్పుడు రేడియో కూసే కూత గదా బాబూ!"

"అవును! అదే!" అని యూర్గెన్ సంబరపడ్డాడు. కొలోన్‌లో ముగ్గురు స్నేహితులతో ఒక ఇంటి నేలమాళిగలో వాయించిందట. ఏదో ప్రయోగశాల వాళ్లు పారేసిన పరికరంతో ఆ కూత పుట్టించారట. "నాన్న కాలం పాటలు వద్దు. అమెరికా పాటలు వద్దు. మా చప్పుడు మాకు కావాలి," అన్నాడు వచ్చీరాని తెలుగులో. టేపు అయిపోయేసరికి కృపాదానం చేతిలో పని ఎప్పుడో ఆగిపోయి ఉంది.

సరైన బెల్టు మద్రాసు నుంచి తెప్పిస్తానంటే, కుర్రాడు రికార్డరూ, టేపు చుట్టిన స్పూలూ అక్కడే వదిలి వెళ్లాడు. ఆ ఆదివారం మైపాడులో సముద్రంలో దిగి కొట్టుకుపోయాడు. మర్నాడు శవం దొరికింది.

నెల తర్వాత మిషను చర్చి దావీదు పాస్టరుగారు షాపుకు వచ్చాడు. "వాళ్లమ్మ జాబు రాసింది కృపాదానం. ఆ సంగీతానికి ఇంకో టేపు లేదంట. దాన్నన్నా పంపించమంటా ఉంది."

"రేపు ఇచ్చేస్తానయ్యగారూ."

ఆ మధ్యాహ్నమే కొత్త బెల్టు బిగించాడు. రికార్డింగు సరిగా అవుతోందో లేదో చూడాలి. తను పరీక్షకు వాడే పాత స్పూలే ఎక్కించాననుకున్నాడు. ఎర్ర మీట నొక్కి, "హలో, హలో, మైకు టెస్టింగ్" అన్నాడు. టేపును తిరగనిచ్చి పక్క పనిలో పడ్డాడు. కాసేపటికి బల్ల మీద పాత స్పూలు కనిపించింది. ఎక్కించింది యూర్గెన్‌ది. గబుక్కున ఆపాడు.

మొదటి మూడు నిమిషాలు పోయాయి. వెనక్కి తిప్పి వింటే తన గొంతు, ఆపైన షాపు ముందు పోయే రిక్షాల బెల్లు.

రెండు రోజులు షాపు సగం తలుపు వేసుకున్నాడు. రెండు రేడియోలు పక్కపక్కన పెట్టి, ఒకదాని ముల్లు కదుపుతూ రెండోదాన్ని కూయించాడు. దగ్గరదాకా వచ్చినట్టే వచ్చి ఆ కూత జారిపోతోంది. డ్రమ్ములకు బదులు డాల్డా డబ్బా వాయించాడు. వేళ్లు వాచాయి. విన్న ప్రతిసారీ అది డబ్బా చప్పుడే.

అన్నం క్యారియరుతో వచ్చిన భార్య ఆనందకుమారి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏం జేస్తా ఉండారు?"

"చెరిపేసినాను కుమారీ. చచ్చిపోయిన పిల్లోడిది చెరిపేసినాను. ఎట్టాగైనా అతికించి పంపిస్తే ఆ తల్లికి తెలీదు."

"తెలీదు. బతికినన్నాళ్లూ కొడుకు వాయించినాడనుకోని మీ డబ్బా వింటా ఉంటుంది. అది మీకు సమ్మతమేనా?"

అతను బల్ల మీద తల వాల్చి పెద్దగా ఏడ్చాడు. ఆమె వీపు మీద చెయ్యి వేసిందే గాని ఊరుకోమనలేదు.

సాయంత్రం పాస్టరుగారి దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన కాగితం తీసి, అతను చెప్పిందంతా ఇంగ్లీషులో రాశాడు. టేపూ ఉత్తరమూ కలిసి వెళ్లాయి.

డిసెంబరులో ఆ తల్లి నుంచి జవాబు వచ్చింది. పాస్టరుగారు చదివి తెలుగులో చెప్పాడు. ఆమె తిట్టలేదు. టేపు మొదట్లో, వాయిద్యాలు మొదలుకాకముందు, యూర్గెన్ ఏదో మాట్లాడాడని స్నేహితులు చెప్పారట. అతని గొంతు ఇంకే టేపులోనూ లేదట. 'మీరు ఒకసారి విన్నారు కదా. ఏమన్నాడో, ఎలా అన్నాడో రాయండి,' అని అడిగింది.

కృపాదానం కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు టేపు మొదలైనప్పుడు తను వేరే రేడియో తీగలకు సోల్డరు పెట్టి అతికిస్తూ ఉన్నాడు. డ్రమ్ములు వచ్చాకే తల ఎత్తాడు. అంతకు ముందు ఏదో మాట, ఒక నవ్వు. మగగొంతే. అంతే. ఎంత గింజుకున్నా అంతకు మించి రాలేదు.

"ముద్దుగా మాట్లాడినాడని రాద్దామా? తల్లి గదా," అన్నాడు పాస్టరుగారు మెల్లగా.

"వద్దయ్యగారూ. నవ్వు వినపడిందని రాయండి. అది ఎవురిదో తెలీదని గూడా రాయండి. నేను సరిగ్గా వినలేదని రాయండి."

పాస్టరుగారు అలాగే రాశాడు. కృపాదానం దాన్ని తానే తీసుకెళ్లి పెద్ద పోస్టాఫీసులో వేశాడు. దానికి జవాబు రాలేదు.