వయ్యారిభామ లేని బీడు

మా బీడులో వయ్యారిభామ మొదట వదిన కంటబడింది. తూర్పు కంచె పక్కన మోకాలెత్తు మొక్క. ఇంకా పూత విప్పలేదు. వదిన వంగి పీకబోతుంటే అన్నయ్య కేకేశాడు.

"చెయ్యి పెట్టకు!"

"దురదనా? గుడ్డ చుట్టుకుంటాలెండి."

"దురద కాదే. పీకావంటే మన బీడులో కలుపు ఉందని ఒప్పుకున్నట్టే."

మాకున్నది ఒక్క ఎర్రావు. ముగ్గురి పొట్టలూ దాని పాల మీదే. ఆ మొక్క మేస్తే పాలు చేదెక్కుతాయి. అందుకని పాలకేంద్రం వాళ్ళు ఏటా మనిషిని పంపి బీడు చూస్తారు. ఒక్క మొక్క కనబడినా మర్నాటి నుంచి పాలు పోయించుకోరు. అన్నయ్యకి తొమ్మిదేళ్ళుగా 'కలుపు లేదు' అని కాగితం వస్తోంది. తొమ్మిదీ వసారా గోడకి అంటించాడు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు అవి చూపిస్తాడు.

తనిఖీకి ఇంకా నెల ఉంది.

"మరేం చేస్తారు?" అంది వదిన.

"అది మన బీడులో లేకుండా చేస్తా." నా వైపు తిరిగి, "గునపం తేరా" అన్నాడు.

తూర్పు కంచె మూడు గజాలు లోపలికి జరిపాం. గుంజలు పెరికి, కొత్త గుంతలు తవ్వి, తీగ బిగించేసరికి పొద్దు వాలింది. మొక్క కంచె అవతల పడింది. అన్నయ్య దాన్ని పరాయి పిల్లని చూసినట్టు చూసి, "ఎవరిదో, పాపం" అన్నాడు.

వాన పడింది. దక్షిణం వైపు నాలుగు మొలిచాయి. దక్షిణం కంచె జరిపాం. పడమర మొలిచాయి. పడమర జరిపాం, ఆపైన ఉత్తరం, మళ్ళీ తూర్పు. నా అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, మళ్ళీ బొబ్బలెక్కాయి.

"పీకితే పూటలో అయిపోయేది కదన్నయ్యా" అన్నాను. ఆ నెలంతటికీ నేనన్న మాట అదొక్కటే.

"నీకు తెలీదు, తవ్వు" అన్నాడు.

నెల తిరిగేసరికి రెండెకరాల బీడు మంచమంత అయింది. ఎర్రావు తల ఒక పక్క కంచె బయట, తోక ఇంకో పక్క. వదిన బయట గడ్డి కోసి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వయ్యారిభామ రెమ్మలు ఏరి, దానికి పెట్టేది.

"మంచమే నయం, పక్కకి తిరగొచ్చు" అంది. "ఇంకొక్కటి మొలిస్తే దీన్ని ముందుకాళ్ళెత్తి నిలబెడతారా ఏం?"

అన్నయ్య తీగకి ఇంకో మెలిక బిగించాడు.

తనిఖీ ఆయన ఉదయాన్నే వచ్చాడు. టేపు తీసి కొలిచాడు. బీడు చుట్టూ నడిచాడు, పన్నెండు అడుగులు. వంగి ఆవు పొట్ట కింద చూశాడు.

"కలుపు లేదు" అన్నాడు. "గడ్డి కూడా లేదే?"

"గడ్డి సంగతి మీ కాగితంలో లేదు కదండీ" అన్నాడు అన్నయ్య.

ఆయన కాగితం తిరగేసి చూసి తల ఊపాడు. "గేటు ఎటు?"

"లేదండీ."

"ఆవు బయటికెలా వస్తుంది?"

"రాదండీ."

ఆయన అది కూడా రాసుకున్నాడు. "సరే, హద్దులు చెప్పు. తూర్పు ఎవరిది?"

అన్నయ్య తూర్పుకి తిరిగి చూశాడు. చుట్టూ నడుమెత్తు వయ్యారిభామ తెల్లగా పూసి ఊగుతోంది. తనదంటే కలుపు తనదవుతుంది, పాలు ఆగిపోతాయి. కాదంటే తాతనాటి బీడు ఒక్క మాటతో పోతుంది.

"పోనీ, పడమర?"

అన్నయ్య పడమరకి తిరిగాడు, అటూ అదే పూత.

"నాలుగు వైపులా నాదేనండీ, రాసుకోండి" అంది వదిన, గడ్డిమోపు దించి.

"మీరెవరమ్మా?"

"పక్క బీడు దాన్ని."

"ఈయనకేమవుతారు?"

"ప్రస్తుతానికి హద్దునండీ."

"మీకు ఆవుందా?"

"లేదు."

"ఆవు లేని బీడుతో మాకు పని లేదు" అని ఆయన సంతకం చేసి, అన్నయ్య చేతిలో కాగితం పెట్టి వెళ్ళిపోయాడు.

అన్నయ్య దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తరవాత, "ఆవుకి దాహంగా ఉన్నట్టుంది. తొట్టి దగ్గరికి తోలాలి" అన్నాడు.

"తోలండి, నా బీడు తొక్కకుండా."

"ఏమే!"

"మీ ఆవు దారిలో నా కలుపు మేస్తే? పాలు చేదెక్కితే ఆ మాట నా మీదికొస్తుంది."

ఎర్రావు గట్టిగా అరిచింది.

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"పీకండి."

"నేనా?"

"మీ బీడులో కాదుగా! మీకేం నామోషీ?"

అన్నయ్య ఆలోచించాడు. మొహం మెల్లగా విచ్చుకుంది. కాగితం జేబులో పెట్టి, తువ్వాలు నిలువునా చింపి రెండు చేతులకీ చుట్టుకుని వంగాడు. ఆయన అంత హుషారుగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం మనుషులమ్మా!" అన్నాడు, మొక్క మట్టి దులుపుతూ. "బంగారం లాంటి బీడుని ఇలా పాడుపెడతారా ఎవరైనా?"

"ఏం చేస్తామండీ, మా ఇంట్లో మగవాళ్ళు కంచెలు జరుపుతూ కూర్చున్నారు" అంది వదిన గట్టు మీంచి. "వేరు తెగకుండా లాగండి."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తొట్టి దాకా మనిషెడల్పు దారి తేలింది. నేను ఆ దారి పొడవునా ఒకసారి నడిచి చూసొచ్చి, ఆవు ముందున్న గుంజ ఊడబీకాను.