పాడుబడ్డ ఊళ్ళో శుక్రవారం

శుక్రవారం ఇంకా తెల్లవారకముందే మాలతి వంటింట్లో నిలబడి మటన్‌కు మసాలా పట్టిస్తోంది. నిలబడటం అని ఊరికే అనడమే. ఒక చేయి గట్టుకు ఆనించి, మధ్య మధ్యలో బాత్‌రూముకు పోయి వస్తూ. ఎండాకాలం నుంచీ ఆమెకు రక్తం పోతూనే ఉంది. గర్భసంచిలో గడ్డ ఉందనీ, ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందనీ, ఆపరేషన్ చేయించుకుని నెలరోజులు బరువు ఎత్తకుండా పడుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. మొదట ఇచ్చిన తేదీ, అత్త ఆంజనమ్మ విజిట్ వీసా మీద జగిత్యాల నుంచి దిగడంతో గాలికి పోయింది. రెండో తేదీ ఈ ఆదివారం.

"నిమ్మకాయలు మర్చిపోకు. జలంధర్‌కు నిమ్మకాయ లేంది ముద్ద దిగది." పొద్దున లేచి మొగుడు సుధాకరరావు అన్న మొదటి మాట ఇది. పాలిపోయిన పెళ్ళాం ముఖం చూడటానికి ఆ మహానుభావుడికి ఏనాడూ వెలుతురు చాలదు. ఊళ్ళో వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి, దుబాయ్ చూపిస్తానని తల్లికి మాటిచ్చాడు. తానుండే ఖతర్‌కు తెచ్చి, మాల్స్ అయిపోయాక, ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ పట్నం దాటితే సముద్రం ఒడ్డున ఒక పాడుబడ్డ ఊరుందని తెలిసి ఈ పిక్నిక్ పెట్టాడు. చూపించేవాడు అతను, చూసేది తల్లి, వండేది మాలతి.

వాళ్ళుండే ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేట నుంచి రెండు కార్లు బయల్దేరాయి. సుధాకరరావు కారులో అతనూ, కంపెనీ దోస్తు జలంధరూ. జలంధర్ కారును అతని భార్య రజిత నడిపింది. అందులో ఆంజనమ్మ ముందు సీట్లో, మాలతి వెనక సీట్లో, గిన్నెలు మాలతి కాళ్ళ మధ్య. మగవాళ్ళ కారు, ఆడవాళ్ళ కారు అని ఎవరూ అనుకోలేదు. ఎప్పుడూ అంతే.

ఊరంటే పైకప్పులు కూలిన రాతి ఇళ్ళు, ఇసుక నిండిన సందులు, తల తెగని ఒక్క మసీదు గోపురం. కాస్త దూరంలో నాలుగు తోటలు, మేకలు. ముందు పాతిన బోర్డును జలంధర్ చదివి చెప్పాడు. ఇక్కడి మగవాళ్ళు ముత్యాల కోసం పడవలెక్కితే నాలుగేసి నెలలు సముద్రం మీదే ఉండేవారట.

"అంటే ఆడోళ్లకు మస్తు సుఖముండె. నాలుగు నెలలు వండిపెట్టుడు లేదు!" అన్నాడు సుధాకరరావు. అందరూ నవ్వారు. చాప మీద మోకాళ్ళ మీద కూచుని బిర్యానీ వడ్డిస్తున్న మాలతి కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడిచిందంటారు.

తినేటప్పుడు రజితే మాట కదిపింది. "అక్కా, ఆదివారం నీ ఆపరేషన్ గదా? ఇంత బరువంత ఎందుకు మోస్తున్నవ్?"

మాలతి నోరు తెరిచేలోపే సుధాకరరావు ఎముక చీకుతూ జవాబిచ్చాడు. "అది క్యాన్సిల్. అమ్మ వీసా ఇంకో నెల పెంచిన. ఈమె పండుకుంటే ఇల్లెట్ల నడుస్తది? ఒక్క పూట గూడ ఎల్లది."

"రక్తం పోవుడు ఆడపుట్టుక పుట్టినంక ఉండేదే," అంది ఆంజనమ్మ. "నేను ముగ్గుర్ని కని, పురుడు తీరకముందే పొయ్యి ముట్టిచ్చిన. ఇంత పెరుగెయ్యి మాలతీ."

మాలతి పెరుగు వేసింది. చేయి ఆ పని చేస్తూనే ఉంది, లోపల మాత్రం ఏదో తెగిపోయింది. తన కడుపు కోయించుకునే తేదీ రద్దయిందని, పరాయి మనుషుల ముందు, ఎముక పక్కన పెట్టే వ్యవధిలో తెలుసుకోవడమా? అవమానం అనే మాట కూడా దానికి చిన్నదే. "ఒక్క పూట గూడ ఎల్లది" అన్న మాటకు పెళ్ళయిన కొత్తలో ఎంత మురిసిపోయింది! నేను లేకపోతే వీళ్ళకు గడవదు అనుకుని, జ్వరంలోనూ లేచి చపాతీలు ఒత్తింది. అది ప్రేమ కాదు, మెడకు వేసిన తాడని ఇన్నేళ్ళకు గానీ అర్థం కాలేదు.

మళ్ళీ తడిసినట్టనిపించింది. గిన్నెలు సర్ది, సంచి తీసుకుని, ఊరి చివరి ఇంట్లోకి పోయింది. గుడ్డ మార్చుకుని లేవబోతే కళ్ళు చీకట్లు కమ్మాయి. గోడకు ఆనుకుని కూలబడింది. అది వంటగది. గోడ మీద మసి ఇంకా పోలేదు. నాలుగు నెలలు మగవాళ్ళు లేని ఊరిని ఎవరు నడిపారు? నీళ్ళు ఎవరు తోడారు, పిల్లలను ఎవరు కన్నారు, చచ్చినవాళ్ళను ఎవరు మోశారు? బోర్డు మీద పడవల పేర్లు కూడా ఉన్నాయి గానీ ఈ మసి పట్టించినదాని ఊసే లేదు. ఆ కోపంతోనే కళ్ళు మూతపడ్డాయి.

మెలకువ వచ్చేసరికి నీడలు సాగాయి. బయటికి వచ్చి చూస్తే చాప లేదు, గిన్నెలు లేవు, కార్లు లేవు. గిన్నె ఒక్కటి కూడా మరిచిపోలేదు.

ఫోను చేతిలోనే ఉంది. చేయబోయి ఆగింది. ఎంతసేపటికి గుర్తొస్తానో చూద్దామనిపించింది. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. మెట్టు మీద కూచుని సముద్రాన్ని చూసింది. ఎవరికీ ఏమీ వడ్డించకుండా ఇంతసేపు కూచోవడం ఎన్నాళ్ళయిందో.

చివరికి ఫోను మోగింది. సుధాకరరావు.

"ఉమ్ సలాల్ బంకు కాడ ఆగినం. అమ్మకు చాయ్ కావాల్నట. ఫ్లాస్కు ఏ కార్ల పెట్టినవ్?"

"ఏ కార్ల ఉన్నదో నాకేం తెలుసు? నేను ఏ కార్ల లేను."

అవతల ఒక కారు తలుపు, తర్వాత ఇంకో కారు తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

పొద్దు వాలుతుండగా కారు వచ్చింది. దిగుతూనే అరిచాడు. "ఫోన్ చెయ్యాలన్న సోయి లేదా? అంత దూరం మళ్ల వెనుకకు తిప్పుకొచ్చిన!"

ముందు సీట్లోంచి ఆంజనమ్మ తల బయటపెట్టింది. "నేను కొడుకు కార్ల ఎక్కితి. నువ్వు రజిత కార్ల ఉన్నవనుకున్నం, వాళ్లేమో నువ్వు మా కార్ల ఉన్నవనుకున్నరట. గిన్నెలన్ని వచ్చినయ్, ఇంకేం ఉండిపోయిందని చూసుకుంటం బిడ్డా?"

మాలతి వెనక సీట్లో కూచుని, తలుపు నెమ్మదిగా వేసుకుంది. ఎవరి మీదా కేక వేయలేదు. బండి రోడ్డెక్కాక అంది.

"మీరొచ్చేలోపు డాక్టరమ్మకు ఫోన్ చేసిన. నా తేదీ నాకు మళ్ల ఇచ్చింది. ఆదివారం పొద్దున పోయి చేరుత. సంతకం నేనే పెట్టుకుంట."

"తినేటప్పుడు చెప్పింది చెవికెక్కలేదా?" అద్దంలోంచి ఉరిమి చూశాడు సుధాకరరావు. "నువ్వు నెల పండుకుంటే ఇల్లెట్ల నడుస్తది?"

"గంటసేపు నడిచింది గదా. నేను లేనని మీకు తెల్వనే తెల్వలే. నెల గూడ గట్లనే నడుస్తది."